పెద్దరోగం కాదన్న మాట

పిల్లల ఒంటి మీద వచ్చే మచ్చల్లో, పొక్కుల్లో చాలావాటికి మందు అక్కర్లేదు. వచ్చిన దారినే పోతాయి. ఈ ఒక్క ముక్క చెప్పడానికే నేను రాజమండ్రిలో చర్మవైద్యురాలిగా జీవితమంతా కుర్చీ అరగదీశాను. విన్నవాళ్లు తక్కువ. నమ్మినవాళ్లు ఇంకా తక్కువ. రిటైరయ్యాక, కొత్తగా ఈ వృత్తిలోకి వచ్చిన అమ్మాయిలిద్దరు ఇంటికొచ్చి, "మీ అనుభవాలు రాయండి మేడమ్, మాకు పనికొస్తాయి" అన్నారు. పనికొస్తాయో లేదో తెలీదు. నాకైతే పెద్దగా పనికి రాలేదు.

సన్మానాల గురించి రాయను. శాలువాలు బీరువాలో ఉన్నాయి, వాటి సంగతి చిమ్మెటలు చూసుకుంటున్నాయి. జబ్బుల గురించి కూడా రాయను, పుస్తకాల్లో నాకంటే బాగా రాశారు. జబ్బు కాని జబ్బు ఒకటి ఒక పిల్లవాడి బతుకుని ఏం చేసిందో రాస్తాను. అది పుస్తకాల్లో లేదు.

ఏమీ రాయని డాక్టరు

ప్రమాదకరమైన జబ్బుని గుర్తుపట్టడం మనకి కాలేజీలో నేర్పుతారు. ప్రమాదం లేనిదాన్ని గుర్తుపట్టాక ఏం చెయ్యాలో ఎవరూ నేర్పరు. ఎందుకంటే చెయ్యాల్సిందేమీ లేదని వాళ్ల ఉద్దేశం. నిజానికి అసలు కష్టమంతా అక్కడే మొదలవుతుంది.

ఒకసారి మొగల్తూరు నుంచి ఒక మామ్మగారు మనవరాలిని తీసుకొచ్చింది. ఆ పిల్లకి తొడ దగ్గర్నుంచి మడమ దాకా సన్నటి పొక్కులు, స్కేలు పెట్టి గీసినట్టు ఒకే వరసలో. నొప్పి లేదు, దురద లేదు. లైకెన్ స్ట్రయేటస్ అంటారు. అరుదుగా వస్తుంది, కొన్ని నెలలుండి దానంతటదే పోతుంది. మామ్మగారు అప్పటికే దానికి సర్పి అని పేరు పెట్టేసింది. పాములాగా ఒంటిని చుట్టుకుని తలా తోకా కలిస్తే పిల్ల దక్కదని ఆవిడ భయం.

"ఇది సర్పి కాదు మామ్మగారూ. మందేమీ వద్దు. కాస్త ఓపిక పడితే పోతుంది."

"దీనికి మందు లేదామ్మా?"

"లేదని కాదు, అక్కర్లేదు."

"అదేనమ్మా, లేదంటున్నారుగా. ఇంకెవరైనా పెద్ద డాక్టరుగారు ఉన్నారాండి ఇక్కడ?"

వాళ్లు మా ఆసుపత్రి మెట్లు దిగి ఎదురుగా ఉన్న మందుల షాపులోకి వెళ్లడం నేను కిటికీలోంచి చూశాను. షాపువాడు మూడు నాలుగు రకాలు కలిపిన ట్యూబు ఒకటి ఇచ్చాడు. ఎలాగూ పోయే పొక్కులు కొన్నాళ్లకి పోయాయి, షాపువాడికి పేరొచ్చింది. ఆ ఘాటు మందుకి చర్మం పల్చబడి కాలు పొడుగునా తెల్లచార తేలితే, అది మాత్రం పిల్ల తలరాత అయింది.

మన దగ్గర చీటీ మీద ఎన్ని మందులుంటే అంత గొప్ప డాక్టరు. ఏమీ రాయకుండా పంపితే, "ఈవిడకేం తెలీదర్రా" అని గుమ్మం దాటకముందే అనేస్తారు. నా చెవులు బాగానే పనిచేస్తాయి కాబట్టి చాలాసార్లు విన్నాను.

పెద్దసారు

నేను ఎక్కువకాలం పనిచేసింది ఒక పిల్లల ఆసుపత్రిలో. దాని యజమానీ పెద్ద డాక్టరూ ఒకరే. మేమంతా పెద్దసారు అనేవాళ్లం. జ్వరాల విషయంలో ఆయనకున్న పట్టు నేను మరొకరిలో చూడలేదు. బిడ్డ ఏడుపు విని జబ్బు చెప్పేవారు. ఆయన చేతిలో బతికిన పిల్లలు రెండు గోదావరి జిల్లాల్లోనూ ఉన్నారు. ఇదంతా ముందే చెప్పడమెందుకంటే, తర్వాత రాయబోయేది చదివి మీరు ఆయన్ని దుర్మార్గుడనుకోకూడదు. దుర్మార్గుడైతే నాకింత బాధ ఉండేది కాదు.

ఆయనకి మెల్లగా మాట్లాడటం రాదు. ఆయన గదిలో ఒక కుటుంబం బల్ల దగ్గర, రెండు గోడవార, ఇంకొకటి గుమ్మంలో ఉండేవి. ఒకళ్ల పిల్లాడి విరేచనాల సంగతి అందరూ వినేవారు, సలహాలు కూడా ఇచ్చేవారు. అలాగైతే పని త్వరగా తెములుతుందని ఆయన పద్ధతి. తలుపేసుకుని ఒక్కొక్కళ్లనీ చూద్దామని నేనంటే, "ఇదేమైనా పెళ్లిచూపులా డాక్టరుగారూ, తలుపులేసుకోడానికి?" అని నవ్వేవారు. గదిలో ఉన్నవాళ్లూ నవ్వేవారు.

రాముడు

పేరు మార్చాను. రాముడు అందాం. పదేళ్లవాడు. వాళ్ల నాన్న శాస్త్రిగారు కొవ్వూరు దగ్గర ఒక పల్లెలో పౌరోహిత్యం చేసేవారు. కొడుకుని కోనసీమలో ఒక వేదపాఠశాలలో చేర్పించారు. అక్కడ గురువుగారు ఒకసారి చెబితే పిల్లలు రెండుసార్లు అనాలి. దాన్ని సంత చెప్పుకోవడం అంటారు. సంతకి కాగితం, పుస్తకం ఏమీ ఉండవు. గురువుగారి నోరు, పిల్లాడి చెవి, అంతే. రాముడికి ఒకసారి వింటే మరిచిపోవడమన్నది లేదని, పదేళ్లలో అయ్యే చదువు వీడికి ఏడెనిమిదేళ్లలో అయిపోతుందని గురువుగారే అన్నారట. ఆ మాట శాస్త్రిగారు అడిగినా అడక్కపోయినా చెప్పేవారు. తనకి నాలుగు వ్రతాలూ రెండు పెళ్లిళ్లూ చేయించే మేరకే వచ్చునని, కొడుకు మాత్రం ఘనాపాఠి కావాలని ఆయన కోరిక. కొడుక్కీ అదే కోరిక.

రాముడి రెండు చేతుల వెనకవైపు, వేళ్ల కణుపుల దగ్గర, ఉంగరాల్లాంటి గుండ్రటి మచ్చలు వచ్చాయి. అంచులు కాస్త ఉబ్బి, మధ్యలో మామూలు చర్మం. పాఠశాలలో తామర అనుకుని ఏవో పసర్లు రాశారు. తగ్గకపోయేసరికి, అక్కడ వంట చూసుకునే కామేశ్వర్రావుగారు కుర్రాణ్ని వెంటబెట్టుకుని రాజమండ్రి వచ్చారు. శాస్త్రిగారు కొవ్వూరు నుంచి వచ్చి కలుసుకున్నారు. ముగ్గురూ పెద్దసారు గదిలోకి వెళ్లారు. ఆయన చూసి నన్ను పిలిచారు.

తామరైతే పొట్టు రాలుతుంది, దురద ఉంటుంది. ఇక్కడ రెండూ లేవు. నేను వాణ్ని కళ్లు మూసుకోమని, దూదిని పురిపెట్టి మచ్చల మీద అక్కడక్కడా తాకించాను. ఎక్కడ తాకితే అక్కడ వేలు పెట్టి చూపించాలన్నాను. ఒక్కటి కూడా తప్పలేదు. చివరికి నేను తాకకుండా ఊరుకుంటే, కళ్లు మూసుకునే, "ఇప్పుడు ఏమీ పెట్టలేదండి" అని నవ్వాడు.

దాని పేరు గ్రాన్యులోమా యాన్యులారే. పిల్లల్లో అంత తరచుగా కనపడదు. ఎందుకొస్తుందో తెలీదు, అంటుకోదు, ఏమీ చెయ్యదు. ఏడాదికో రెండేళ్లకో మచ్చ కూడా మిగలకుండా పోతుంది. ఆ సంగతి ఇంగ్లీషులో పెద్దసారుకి చెప్పాను. ఆయన తలూపి, తన మామూలు గొంతుతో, అంటే గది బయట బెంచీల మీద ఉన్నవాళ్లకి కూడా వినపడేలా, "ఏం కంగారు పడకండి శాస్త్రిగారూ, ఇదేమీ పెద్దరోగం కాదు" అన్నారు.

గోదావరి ప్రాంతంలో పుట్టనివాళ్లకి ఒక మాట చెప్పాలి. మా ఇళ్లలో కుష్టు అనే మాట నోటితో అనరు. పెద్దరోగం అంటారు. అదీ గొంతు తగ్గించి. పెద్దసారు కూడా ఇక్కడివారే, చిన్నప్పుడు ఆ మాట ఆయనా వినే ఉంటారు. కానీ డాక్టరు చదువు చదివేసరికి ఆ మాటలో ‘ప్రమాదమైనది’ అన్న అర్థం ఒక్కటే ఆయన దగ్గర మిగిలింది. ధైర్యం చెప్పాననే అనుకున్నారు పాపం.

గోడవార నించున్న ఒకావిడ తన పిల్లని దగ్గరకి లాక్కుంది. కామేశ్వర్రావుగారు మెల్లగా, "పెద్దరోగమా అని మేం అడగలేదు కదండీ. మీకెందుకు అనుమానం వచ్చిందండీ?" అన్నారు.

"కాదనే చెబుతున్నానయ్యా. ఇంకా అనుమానమైతే పరీక్ష చేయించేద్దాం, తేలిపోతుంది."

చెవి తమ్మె మీద గాటు

పక్క గదిలోకి వెళ్లి నేను ఆయనతో పోట్లాడాను. కుష్టైతే మచ్చ మీద స్పర్శ పోతుంది, వీడికి నిక్షేపంలా ఉంది, చూస్తేనే తెలుస్తోంది, కుష్టు పరీక్ష ఎందుకు అన్నాను.

"రేపు ఎవడైనా వచ్చి ఎందుకు చేయించలేదని అడిగితే? చేయిస్తే మనకి పోయేదేముంది?"

"మనకేం పోదు సార్. పోతే వాడికే పోతుంది."

"మీరు ప్రతిదానికీ డైలాగులు చెబుతారు. పంపించండి."

ఆసుపత్రి ఆయనది. పంపించారు. ఆ పరీక్షకి చెవి తమ్మె మీద చిన్న గాటు పెట్టి రసి తీస్తారు. నొప్పి పెద్దగా ఉండదు. తర్వాత దూది పెట్టి ప్లాస్టరు వేస్తారు. కుష్టు లేదని రిపోర్టు వచ్చింది. అలాగే వస్తుందని నాకు తెలుసు, పెద్దసారుకి తెలుసు. కానీ కోనసీమలో కాస్త వయసు మళ్లినవాళ్లందరికీ ఇంకొకటి తెలుసు. ఒకప్పుడు కుష్టు నివారణకి తిరిగే ఆరోగ్యశాఖవాళ్లు ఊళ్లోకి వచ్చి ఎవరి చెవి తమ్మె మీద గాటు పెట్టేవారో, ఎందుకు పెట్టేవారో వాళ్లు చిన్నప్పుడు చూశారు. రాముడు చెవికి ప్లాస్టరుతో పాఠశాల గుమ్మం ఎక్కాడు. రిపోర్టు తర్వాత వచ్చింది.

ఆ తర్వాతి సంగతులు నాకు శాస్త్రిగారు చెప్పారు. భోజనాల దగ్గర వరసలో కూర్చుని పిల్లలు ఔపోసన కోసం చెయ్యి చాపుతారు, వడ్డించేవారు ఆ అరచేతిలో నీళ్లు పోస్తారు. రాముడి దగ్గరికొచ్చేసరికి చెంబు ఎత్తులోంచి వంచేవారట. తర్వాత విస్తరి చివరికి మారింది. తర్వాత విడిగా వేశారు. మిగతా పిల్లల తల్లిదండ్రులు కొందరు గురువుగారికి ఫోన్లు చేశారు. ఆయన మంచివారే. శాస్త్రిగారిని పిలిపించి, "చేతులు బాగయ్యాక తీసుకురా శాస్త్రీ. నేనే మళ్లీ మొదలుపెడతాను" అని పంపారు.

కాగితం

శాస్త్రిగారు నా దగ్గరికొచ్చి సర్టిఫికెట్ అడిగారు. "ఆసుపత్రి ముద్ర ఉంటే నమ్ముతారండి డాక్టరమ్మగారూ. నోటిమాటైతే ఎవరు వింటారండి?"

నేను వద్దన్నాను. నా మాట విని ఆయన ముఖం చిన్నబోయింది. డబ్బున్నవాళ్లకైతే ఇచ్చేవారేమో అన్నట్టు చూశారు. తిన్నగా పెద్దసారు దగ్గరికి వెళ్లారు. ఆయన సంతోషంగా రాసిచ్చారు, తెలుగులోనే, అందరికీ అర్థమయ్యేలా. ఫలానా బాలుడికి కుష్టు వ్యాధి లేదని ధ్రువీకరిస్తున్నాను అని. కింద సంతకం, గుండ్రటి ముద్ర.

మీరే ఆలోచించండి. కుష్టు లేదని కాగితం పట్టుకు తిరిగేవాడికి కుష్టు లేదని ఎవరు నమ్ముతారు? అది చూపించిన చోటల్లా అంతవరకూ ఏమీ తెలియనివాళ్లకి కూడా తెలిసింది. శాస్త్రిగారి ఊళ్లోనే ఒక ఇంట్లో సత్యనారాయణ వ్రతానికి పక్కూరి పురోహితుణ్ని పిలిచారు. నేనే వచ్చి అందరికీ చెబుతానంటే శాస్త్రిగారు చేతులు జోడించారు. "వద్దండి. డాక్టరుగారే ఊళ్లోకి దిగారంటే ఇంక మాకేం మిగలదండి."

నాకు పెద్దసారు మీద కోపం వచ్చింది, కామేశ్వర్రావుగారి మీద వచ్చింది, ఆ తల్లిదండ్రుల మీద వచ్చింది. చివరికి ఎవరి మీదా నిలబడలేదు. ఎవరి మటుకు వాళ్లు జాగ్రత్తపడ్డారు, అంతే. ఇంతమంది జాగ్రత్తపరులు ఒక్క పిల్లాడి మీద పడితే వాడు ఎక్కడ తట్టుకుంటాడు?

అందుకే మీకు చెబుతున్నాను. తలుపేసుకుని మాట్లాడండి. ఎవరేం నవ్వినా పర్వాలేదు. లేని జబ్బు పేరు నోటి మీదకి రానివ్వకండి, ‘కాదు’ అని చెప్పడానికైనా సరే. జనం చెవికి పేరు అందుతుంది, ‘కాదు’ అందదు. మీ మెడకి చుట్టుకోకుండా ఉండటానికి పిల్లలకి పరీక్షలు రాయకండి. ఇవన్నీ పాటించినా మీకు పేరు రాదు. మందు రాయలేదనే తిట్టు మాత్రం వస్తుంది.

చేతులు బాగయ్యాక

రాముణ్ని స్కూల్లో వెయ్యలేదు. ఇవాళో రేపో పాఠశాలకి వెళ్లేవాడే కదా అని. వచ్చినంతవరకూ మర్చిపోకుండా రోజూ తెల్లారగట్ల లేచి వల్లె వేసుకునేవాడట. కొత్తది చెప్పడానికి వాళ్ల నాన్నకి రాదు. నా దగ్గరికి అప్పుడప్పుడూ తీసుకొచ్చేవారు. నేను చూసి, "పోతుంది నాన్నా, ఓపిక పట్టు" అనేదాన్ని. వాడు "అలాగేనండి" అనేవాడు. నా జీవితంలో నా మాట పూర్తిగా నమ్మిన పేషెంటు బహుశా వాడొక్కడే.

పుస్తకంలో రాసినట్టే జరిగింది. ఏడాది దాటాక ఉంగరాలు పల్చబడ్డాయి. ఆ తర్వాతి ఎండాకాలానికి ఆనవాలు లేకుండా పోయాయి. ఒకరోజు తండ్రీకొడుకులు వచ్చారు. రాముడు కాస్త పొడుగయ్యాడు. తలకి శుభ్రంగా నూనె రాసి, పిలక ముడి వేసి, కొత్త అంగవస్త్రం కప్పుకున్నాడు. శాస్త్రిగారి చేతిలో ట్రంకుపెట్టె ఉంది. అటునుంచి అటే రావులపాలెం బస్సెక్కి పాఠశాలకి వెళ్లిపోదామని సర్దుకునే వచ్చారు. వాడు రెండు చేతులూ నా బల్ల మీద బోర్లా పెట్టాడు.

"పోయాయండి. ఇంక వెళ్లచ్చాండి?"

వాడి చేతులు నేను వెలుతురులో పెట్టి చూశాను. చూడాల్సిన అవసరం లేదు, ఊరికే చూశాను. నా ఉద్యోగంలో నేను అంత సంతోషంగా ఉన్న రోజు మరొకటి గుర్తు లేదు. "నేనే ఫోన్ చేసి చెబుతాను ఉండు" అని గురువుగారికి చేశాను. నన్ను పరిచయం చేసుకుని, కుర్రాడికి పూర్తిగా తగ్గిపోయిందండీ, ఇప్పుడే బయల్దేరుతున్నారు అన్నాను.

ఆయన చాలా మర్యాదగా అన్నారు. "సంతోషం తల్లీ. నా మటుకు నాకు ఏ అనుమానమూ లేదు. కానీ ఇక్కడ పిల్లల తల్లిదండ్రులు ఉన్నారు. వాడికి అసలు ఏమీ లేదని మీరే అన్నారని శాస్త్రి చెప్పాడు, వాళ్లకి నేనదే చెప్పుకొస్తున్నాను. ఇప్పుడు తగ్గిందంటున్నారు. తగ్గిందంటే ఉన్నట్టేగా తల్లీ? లేనిది ఎలా తగ్గుతుంది?"

నేను చాలా చెప్పాను. ఉన్నది వేరు, వాళ్లనుకున్నది వేరు అన్నాను. ఆయన అంతా విన్నారు. "మీరు చెప్పేది నాకు అర్థమవుతోంది" అన్నారు. "వాళ్లకి నేను చెప్పలేను" అన్నారు. తన చేతిలో ఉన్న మిగతా పిల్లలు కూడా వెళ్లిపోతే పాఠశాల ఉండదన్నారు. ఆ గొంతులో బాధ నిజమైనదే.

ఫోన్ పెట్టేశాక ఇద్దరూ నా వైపే చూస్తున్నారు. శాస్త్రిగారికి నా ముఖం చూడగానే అర్థమైంది. రాముడికి చెప్పాల్సి వచ్చింది. ఆయన అన్న మాట ఉన్నదున్నట్టు చెప్పాను, నాకు వేరే మాట తోచలేదు. వాడు ఏడవలేదు. తన చేతుల్ని తనే తిరగేసి చూసుకున్నాడు.

"తగ్గిందని ఎందుకు చెప్పారండీ? అసలు రానే లేదని చెప్పకపోయారా?"

"తప్పురా, డాక్టరమ్మగారితో అలా అనచ్చా? అబద్ధం చెప్పమంటావా ఆవిణ్ని?" అని శాస్త్రిగారు మందలించారు. గొంతులో కోపం మాత్రం లేదు. నాకు దణ్ణం పెట్టి పెట్టె అందుకున్నారు. రాముడు ఇంకో వైపు పట్టుకున్నాడు. ఇద్దరూ దాన్ని మోసుకుంటూ కొవ్వూరు బస్సుల వైపు వెళ్లారు.

బళ్లు తెరిచాక వాణ్ని కొవ్వూరులో ఇంగ్లీషు మీడియం స్కూల్లో చేర్చారని తెలిసింది. పిలక ఉంటే తోటి పిల్లలు ఏడిపిస్తారని, చేర్చే ముందురోజు తీయించేశారట.